మిర్చి పూలో నల్ల చుట్టం

గుంటూరు నుంచి ప్రత్తిపాడు మీదుగా పెదనందిపాడు వైపు వెళుతుంటే రోడ్డుకి అటూ ఇటూ నల్లరేగడి. తడిస్తే కాలికి అంటుకుని వదలదు, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఓ చెక్క పత్తి, ఓ చెక్క మిర్చి. ఫిబ్రవరి వచ్చిందంటే కల్లాల నిండా ఎర్రటి కాయలే. అవి టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకి చేరతాయి. ఆ ఘాటుకి కొత్తవాళ్లు తుమ్మకుండా గేటు దాటడం కష్టమే!

2021 చివర్లో మాత్రం గుంటూరు, ప్రకాశం చేలల్లో వింత కనిపించింది. మొక్కకి పూత విరగబూసింది... కాయే లేదు. పువ్వు కోసి అరచేతిలో దులిపితే నల్లటి నలుసులు పరుగులు తీశాయి.

తామరపురుగు ఇక్కడి రైతుకి కొత్తేం కాదు. ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి... చేలోకి అడుగుపెట్టగానే చెప్పేస్తారు. ఆ పాత తామరపురుగు లేతపసుపు రంగులో ఉంటుంది, లేతాకుల రసం పీలుస్తుంది. శాస్త్రీయనామం సిర్టోత్రిప్స్ డోర్సాలిస్. కొత్తగా వచ్చినది త్రిప్స్ పార్విస్పైనస్. కుటుంబం ఒకటే, ప్రజాతి వేరు. రెండిటి రెక్కలకీ అంచున వెంట్రుకల కుచ్చులే. కొత్తదాని ఆడపురుగు ముదురు రంగులో ఉంటుంది, మగది పసుపు. నిడివి మిల్లీమీటరు. ఇది ఆకుని వదిలి పువ్వులో మకాం వేస్తుంది. పువ్వు రాలిపోతే ఇక కాయెక్కడిది!

1922లో కార్నీ అనే శాస్త్రవేత్త థాయ్‌లాండ్ నమూనాలతో దీన్ని తొలిసారి వర్ణించాడు. ఇండోనేషియా, ఆస్ట్రేలియా, గ్రీసు, హవాయి... చాలాచోట్లే తిరిగింది. మన దేశంలో 2015లో బెంగళూరు బొప్పాయిమీద దొరికింది. ఆరేళ్లకి మిర్చిమీద పడింది.

పిల్లపురుగు ఎదిగాక నేలలోకి దిగి, మట్టిలో కోశస్థ దశ గడిపి రెక్కలతో పైకొస్తుంది. అందుకే పైన ఎన్ని మందులు కొట్టినా కింద మిగిలినవి మళ్లీ లేస్తాయి. పైగా విచ్చలవిడిగా కొట్టిన మందులకి ముందు పోయేది మిత్రపురుగులే. ఈ నేలకి ఆ అనుభవం పాతదే. 1980ల్లో పత్తిమీద తెల్లదోమ విరుచుకుపడ్డప్పుడు ఈ రెండు జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

2021-22 సీజన్‌లో చాలామంది నిలువు పైరునే దున్నేశారు. కౌలు కట్టినవారి సంగతి చెప్పనక్కర్లేదు. ఇప్పుడు చేలల్లో నీలిరంగు జిగురు అట్టలు, గట్ల వెంట జొన్న, మొక్కజొన్న వరుసలు పెట్టమంటున్నారు శాస్త్రవేత్తలు. పూత దశలో చేలోకి దిగిన రైతు ఆకుకంటే ముందు పువ్వునే దులిపి చూస్తున్నాడు.