మూడూళ్ళకు మూడు జవాబులు

యూరప్ వెళ్ళొచ్చిన మనిషిని మన వైపు ఎవరూ "అక్కడ ఏం చూశావు?" అని అడగరు. ఎవరికి కావాల్సింది వాళ్ళు అడుగుతారు. నాకేమో పుట్టిల్లు రేపల్లె, చదువు బాపట్ల, కాపురం తెనాలి. అంచేత నెదర్లాండ్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి నాలుగు ఊళ్ళూ తిరిగొచ్చాక మూడు చోట్లా విడివిడిగా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. "ఏమ్మా, పారిస్ మన తెనాలంత ఉందా?" అన్నారు మా వీధి చివరి పిన్నిగారు. "అక్కా, అక్కడి రైళ్ళు టైముకే వస్తాయా?" అన్నాడు రేపల్లె తమ్ముడు. "ఏమే, సముద్రం చూశావా?" అంది బాపట్లలో నాతో చదువుకున్న స్నేహితురాలు. మీరు ఏ ఊరివాళ్ళైనా సరే, కాసేపు కూర్చోండి. మూడూ చెప్పేస్తాను.

పిన్నిగారు అలా అడగడంలో తప్పేం లేదు. ఊళ్ళోంచి తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువ పారుతుంటే, ఎక్కడ చూసినా నాటకాల పిచ్చి ఉంటే, చందమామ చక్రపాణిగారూ కొడవటిగంటి కుటుంబరావుగారూ పుట్టిన ఊరైతే, దాన్ని ఆంధ్రా పారిస్ అనక ఏమంటారు? చిన్నప్పటి నుంచీ ఆ మాట విని విని, అసలు పారిస్సే మనల్ని చూసి కట్టుకున్నారేమో అన్నంత ధీమా మావాళ్ళకి.

నిజం చెప్పాలంటే పారిస్ అందంగానూ ఉంది, మురిగ్గానూ ఉంది. మెట్రో మెట్ల మూలల్లో ఏం వాసన వస్తుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. చాలా స్టేషన్లలో లిఫ్టు ఉండదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే ఆలోచించుకోండి. కొన్ని చోట్ల బాత్రూముకి వెళ్ళాలంటే యూరో బిళ్ళ వెయ్యాలి. యూరో అంటే మన వంద రూపాయలకి కాస్త అటూ ఇటూ. ఆ లెక్క వేసుకుంటూ కూర్చుంటే కాఫీ కూడా గొంతు దిగదు. ఇంతా చేసి లోపలికి వెళితే కాగితమే గానీ నీళ్ళుండవు. చేతిసంచీలో ఓ ఖాళీ సీసా పెట్టుకోండి. ఎందుకని ఎవరైనా అడిగితే మొక్కలకి నీళ్ళు పోయడానికని చెప్పండి. ఇంకో సంగతి. హోటల్లో నీళ్ళు కావాలంటే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు. కుళాయి నీళ్ళు కూజాలో పట్టుకురమ్మని అడిగితే ఊరికే ఇస్తారు. అడగకపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

మోనాలిసా సంగతి అందరూ చెబుతారు, నేను వదిలేస్తాను. ఐఫిల్ టవర్‌కి నది అవతల, కాస్త దూరంలోనే గిమే మ్యూజియం ఉంది. ఆసియా కళలన్నీ అక్కడే. మన అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు కొన్ని ఆ గదుల్లో ఉన్నాయి. అదే పల్నాటి సున్నపురాయి, అదే పాలిపోయిన ఆకుపచ్చ ఛాయ. ఓ రాతిపలక మీద కూర్చున్న ఆడమనిషి కాలి కడియాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అక్కడి కాపలా అతను, ఎక్కడి నుంచి వచ్చారని మర్యాదగా అడిగాడు. ఈ రాయి వచ్చిన చోటి నుంచే అన్నాను. నవ్వాడు గానీ టికెట్టు డబ్బులు మాత్రం వెనక్కివ్వలేదు.

పారిస్‌లో నాకు బాగా నచ్చింది కాఫీ హోటళ్ళ కుర్చీలు. మనలాగా బల్ల చుట్టూ ఎదురెదురుగా వెయ్యరు. అన్నీ పక్కపక్కన, వీధికేసి తిప్పి వేస్తారు. ముసలమ్మలు చక్కగా లిప్‌స్టిక్ వేసుకుని, వేలెడంత కప్పులో కాఫీ పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ గంటలు గంటలు గడిపేస్తారు. మా అమ్మమ్మ కాలంలో అరుగుల మీద కూర్చున్నట్టే. అరుగులు తీసేసి గేట్లు పెట్టుకున్నది మనం.

ఇక రేపల్లె. గుంటూరు నుంచి తెనాలి మీదుగా వచ్చి రేపల్లెలో ఆగిపోయే మా లైను 1916 నాటిది. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన అని నిద్రలో లేపి అడిగినా వరస తప్పకుండా చెబుతాం. అలాంటివాళ్ళకి రైలు గురించి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోలేం.

స్విట్జర్లాండ్ స్టేషన్లలో గడియారాన్ని చూస్తూ నేను ఓ రైలు వదిలేసుకున్నానంటే నమ్మండి. హన్స్ హిల్‌ఫికర్ అనే రైల్వే ఇంజనీరు 1944లో దాని రూపం గీశాడు. ఎర్ర సెకన్ల ముల్లు తర్వాత 1953లో చేర్చారు. రైలుకి సిగ్నలిచ్చే ఉద్యోగి చేతిలో ఉండే గుండ్రటి పలకలా ఉంటుంది ఆ ముల్లు చివర. అది 58న్నర సెకన్లలో చుట్టు తిరిగేసి 12 దగ్గర ఠక్కున ఆగిపోతుంది. ప్రధాన గడియారం నుంచి కబురు రాగానే నిమిషాల ముల్లు ఒక్క గెంతు గెంతుతుంది. అప్పుడు గానీ ఎర్ర ముల్లు మళ్ళీ బయల్దేరదు. దేశంలో గడియారాలన్నీ ఒక్కమాట మీద ఉండటానికి ఆ ఏర్పాటు. "మన బండీ క్రాసింగు కోసం ఆగుతుంది కదక్కా" అన్నాడు తమ్ముడు. ఆగుతుంది నాయనా, కాకపోతే ఈ ముల్లు ఆగేది ఒకటిన్నర సెకను.

అయితే వాడు దిగులు పడకూడదని జర్మనీ సంగతీ చెప్పాను. జర్మన్లంటే గడియారం మింగినవాళ్ళని మన నమ్మకం. 2024లో అక్కడ దూరం వెళ్ళే రైళ్ళలో టైముకి చేరినవి నూటికి 62 మాత్రమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కెయ్యకుండా! ఆ మాట విన్నాక మా తమ్ముడి ముఖం చూడాలి. లక్సెంబర్గ్‌లోనైతే 2020 మార్చి నుంచి రైలు, బస్సు, ట్రాము దేనికీ టికెట్టే లేదు, ఫస్టు క్లాసుకి తప్ప. మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం కాబట్టి మేమేం నోరెళ్ళబెట్టలేదు.

ఆ రైళ్ళలో నాకు పడనిది ఒక్కటే, మౌనం. ఎదురు సీటు మనిషి దిగిపోయేదాకా మన ముఖం చూడడు. మన డెల్టా రైల్లో రేపల్లె చేరేలోపు పక్కావిడ కోడలి ఊరు, ఆ కోడలికి వచ్చిన జీతం, ఆ జీతం మీద ఈవిడ అభిప్రాయం అన్నీ తెలిసిపోతాయి. అక్కడ అంతసేపు ప్రయాణం చేసి నేను తెలుసుకున్నది కిటికీ బయట ఆవులు బలంగా ఉన్నాయని.

రేపల్లెవాళ్ళకి చెప్పాల్సింది ఇంకోటుంది. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో కోరమాండల్ తీరం అద్దకం బట్టలున్నాయి. తెల్లటి నూలు గుడ్డ మీద చెట్టు, తీగలు, పూలు, మధ్యలో ఎరుపు. వందల ఏళ్ళైనా ఆ ఎరుపు చెక్కుచెదరలేదు. మన తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిరివేరుతో ఎక్కించే రంగు అలాంటిది. మన నిజాంపట్నాన్ని అప్పట్లో యూరప్ వర్తకులు పెటపోలి అని రాసుకునేవాళ్ళు. ఈ బట్టల కోసమే 1606లో డచ్చివాళ్ళు అక్కడ దుకాణం తెరిచారు. 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళ గ్లోబ్ ఓడ వచ్చింది. మనం ఇప్పుడు బ్యాంకు కాగితాలు చూపించి, వేలిముద్రలిచ్చి, 30,000 యూరోల బీమా కట్టి వాళ్ళ ఊరు వెళ్తున్నాం. వాళ్ళూ ఊరికే రాలేదు లెండి, గోల్కొండ సుల్తాను దగ్గర ఫర్మానా తెచ్చుకోవాల్సి వచ్చింది.

బాపట్ల స్నేహితురాలికి చెప్పిన జవాబు కాస్త బరువైనది. హేగ్ నగరం పక్కన బీచి చూశాను. జూలై నెలలో కూడా నీళ్ళు పాదం పెట్టనివ్వవు. సూర్యలంక బీచిలో కార్తీక పౌర్ణమికి తలారా మునిగే మనకి అది సముద్రమనే అనిపించదు. కానీ ఆ సముద్రం వాళ్ళని ఎంత దెబ్బ కొట్టిందో తెలుసుకోవాలంటే ఔవర్‌కెర్క్ అనే చిన్న ఊరికి వెళ్ళాలి. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఉప్పెన గట్లు తెంచుకుని వచ్చి 1,836 మందిని పొట్టన పెట్టుకుంది. ఆఖరి గండి పూడ్చడానికి నీళ్ళలోకి దించిన నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెల్లోనే ఇప్పుడు మ్యూజియం పెట్టారు. లోపలికి వెళితే గోడలు చల్లగా తగులుతాయి. పోయినవాళ్ళ పేర్లు వరసగా కనిపిస్తాయి.

నాకూ నా స్నేహితురాలికీ 1977 నవంబరు 19 తుఫాను ఉంది. ఆ రాత్రి బాపట్ల హాస్టల్లో కిటికీ రెక్కలు ఊడిపోతుంటే అందరం ఒకే గదిలో చేరి మంచాలు తలుపుకి అడ్డంపెట్టాం. మాకు గాలే వచ్చింది. నీళ్ళు వచ్చింది దివిసీమకి. పది వేల మందికి పైగా పోయారు. వాళ్ళందరి పేర్లూ ఒక్కచోట చదువుకునే గోడ నేనైతే ఎక్కడా చూడలేదు. డచ్చివాళ్ళు ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా కట్టుకుంటూ పోయారు. రాటర్‌డామ్ దగ్గర 1997లో పెట్టిన ఉప్పెన తలుపులు ఒక్కొక్కటి 210 మీటర్ల పొడవు. మన తీరానికి అంత డబ్బులేదు. మనం వేరే దారి పట్టాం. తుఫాను షెల్టర్లు కట్టుకున్నాం, ముందుగా కబురు తెలుసుకుని జనాన్ని ఖాళీ చేయించడం నేర్చుకున్నాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. పంట నేలపాలైంది, రైతు ఏడ్చాడు, కానీ 1977 మళ్ళీ రాలేదు. ఆ మాటకొస్తే ఇది తక్కువ గొప్ప కాదు. అన్నట్టు, అక్కడి ఇండియన్ దుకాణంలో బియ్యం బస్తాలు కొంటూ మా అల్లుడు సోనా మసూరి గొప్పలు చెప్పబోతే, 1986లో బీపీటీ 5204 వరి వంగడం విడుదల చేసిన ఊళ్ళో చదువుకున్నదాన్ని నాకు చెబుతావా అన్నాను. బేరం అక్కడితో ఆగింది.

తెనాలికి మాత్రం ఇంకో జవాబు బాకీ ఉంది. మనకి పోలిక పారిస్‌తో కాదు, ఆమ్‌స్టర్‌డామ్‌తో. 17వ శతాబ్దంలో తవ్విన కాలువలు, వాటికి రెండువైపులా సన్నటి ఎత్తైన ఇళ్ళు. దాదాపు ప్రతి ఇంటి నెత్తినా దూలానికి ఓ ఇనుప కొక్కెం వేలాడుతుంది. మెట్లు మరీ ఇరుకు కాబట్టి బీరువాలూ పియానోలూ తాడుకట్టి కిటికీలోంచి లాగుతారు. గోడకి తగలకుండా ఇల్లే కాస్త ముందుకు వంగి ఉంటుంది. ఇవన్నీ కాదు నేను చూసింది. ఆ ఇళ్ళ సింహద్వారాలు కాలువవైపు ఉన్నాయి. మన ఇళ్ళకి కాలువవైపు ఉండేది పెరటి గోడ, ఆ గోడలోంచి ఓ గొట్టం. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు వంతెన మీద నిలబడి కిందికి చూస్తే మన సంసారాలన్నీ కనిపిస్తాయి. కవర్లు, కొబ్బరి బోండాలు, పాత పరుపులు, విగ్రహాల ఊచలు.

వాళ్ళేమైనా పుట్టుకతో శుభ్రమైనవాళ్ళా అంటే అదీ కాదు. ఆ రోజుల్లోనే ఎండాకాలం వస్తే కాలువల కంపు భరించలేక డబ్బున్నవాళ్ళు నది ఒడ్డు తోటలకి పారిపోయేవాళ్ళు. ఇప్పటికీ ఏటా 12,000కు పైగా సైకిళ్ళు కాలువల్లోంచి క్రేనుతో తీస్తారు. పారిస్ సంగతీ అంతే. సెన్ నదిలో 1923లో ఈత నిషేధించారు. 140 కోట్ల యూరోలు పోసి కడిగితే 2025 జూలైలో గానీ మామూలు జనం మళ్ళీ దిగలేదు. బియెవ్ర్ అని అక్కడే ఇంకో చిన్న నది ఉండేది. చర్మశాలల మురికితో కంపు కొడుతోందని 1912 కల్లా ఊళ్ళో దాన్ని పూర్తిగా కప్పేశారు. కాలువ మీద స్లాబు వేసేస్తే పార్కింగు కలిసొస్తుందనే పెద్దమనుషులు మన దగ్గరా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. అలా కప్పినదాన్ని మళ్ళీ తెరవాలంటే ఇప్పుడు వాళ్ళు తలలు పట్టుకుంటున్నారు.

తేడా ఎక్కడుందో మా అల్లుడి ఇంటికి వచ్చిన ఓ బిల్లు చూస్తే తెలిసింది. నీళ్ళ బోర్డు పన్ను, ఏడాదికి కొన్ని వందల యూరోలు. ఆ దేశంలో గట్లు, కాలువలు చూసుకునే నీళ్ళ బోర్డులు 21 ఉన్నాయి. 13వ శతాబ్దం నుంచీ వస్తున్న పద్ధతి. నాలుగేళ్ళకోసారి వాటికి ఎన్నికలు, కిందటిసారి 2023 మార్చిలో జరిగాయి. రైతుకే కాదు, మేడ మీద అద్దెకుండేవాడికీ ఓటుంది. కాలువ కంపు కొడితే ఎవర్ని అడగాలో అందరికీ తెలుసు, ఎందుకంటే డబ్బు తమదే.

మనకీ చట్టం ఉంది. 1997లో సాగునీటి సంఘాలు వచ్చాయి, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలూ జరిగాయి. కానీ ఓటు ఆయకట్టులో పొలం ఉన్నవాళ్ళకే. దుగ్గిరాల లాకుల దగ్గర చీలి వచ్చే నీళ్ళు తెనాలి నడిబొడ్డు నుంచి వెళతాయి. ఆ గట్టున ఇళ్ళున్నవాళ్ళకి, అంగళ్ళున్నవాళ్ళకి, అందులో గొట్టం పెట్టినవాళ్ళకి ఓటూ లేదు, పన్నూ లేదు, పూచీ అంతకన్నా లేదు. మున్సిపాలిటీని అడిగితే కాలువ ఇరిగేషన్‌ది అంటుంది, ఇరిగేషన్‌ని అడిగితే చెత్త మున్సిపాలిటీది అంటుంది. రెండూ నిజమే.

నాకైతే పన్ను వేస్తే కట్టడానికి అభ్యంతరం లేదు, రసీదు మీద ఏ కాలువకో రాసిస్తే చాలు. దాంతోపాటు ఓటూ ఇవ్వండి. ముందుగా ఆ గొట్టాల సంగతి తేలుస్తానన్న మనిషికి వేస్తాను. ఎవరు నిలబడతారో మీరు చూసుకోండి. నన్ను మాత్రం అడక్కండి, పారిస్ మెట్రో మెట్లు దిగొచ్చిన మోకాళ్ళు ఇంకా కుదుటపడలేదు.