వేడుకకు ద్రాగిన భంగు

హోళీనాడు మేము నలుగురు స్నేహితురాండ్రము కాశీలో, అచ్చట స్థిరపడిన యొక తెలుగువారి యింట నుంటిమి. బాదము, సోంపు, మిరియములు నూరి పాలలో గలిపిన ఠండాయిలో భంగు, అనగా గంజాయి మొక్క యాకు ముద్ద, కలదని యెఱిగియే వేడుకకు ద్రాగితిమి. అరగంటకును ఏమియు దోచకపోగా మఱియొక గ్లాసు త్రాగితిమి. అదియే మా యవివేకము. కడుపులోనికి బోయిన భంగు తలకెక్కుటకు రెండు గంటలైనను బట్టవచ్చును; కాలేయమున నది మఱింత తీవ్రమైన పదార్థముగ మాఱును.

పిమ్మట నొకతె కారణము లేకయే నవ్వదొడగెను, ఒకతె నిద్రించెను. మాలో మిక్కిలి ధైర్యము గల యామె మాత్రము "నా గుండె యాగిపోవుచున్నది, నన్ను విడువకుడు" అని వణకెను. పరిహాసమనుకొని మిగిలినవారము నవ్వితిమి. ఆ యింటి పెద్దమ్మగారు వచ్చి, దీపము దగ్గఱ నుంచుకొని, ఆమె చేయి పట్టుకొని, "భయము లేదు తల్లీ, ఇది దిగిపోవును" అనుచు తెల్లవాఱుదాక కూర్చుండిరి.

సోదరీమణులారా! 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ఆకును మినహాయించినందున కాశీ యంగళ్లలో భంగు బహిరంగముగ విక్రయింతురు. చట్టము విడిచినంతమాత్రమున దేహము విడువదు. ఒకే ద్రవ్యము ఒకరికి వేడుక, వేఱొకరికి మృత్యుభయము. మా స్నేహితురాలు మమ్ము క్షమించినది. కాని హోళీ వచ్చినప్పుడెల్ల మాకు మా నవ్వే జ్ఞప్తికి వచ్చును.