కుళాయిలో సున్నపురాయి

పల్నాడులో పిడుగురాళ్ల దారి పడితే ముందుగా పలకరించేది సున్నపు బట్టీల తెల్లటి దుమ్మే! 'లైమ్ సిటీ' అన్న పేరు ఊరికే రాలేదు మరి. అయితే ఆ తెలుపు బట్టీల దగ్గరే ఆగదు. బోరు నీళ్లతో ఇంట్లోకీ వస్తుంది. కుళాయి మూతికీ, నీళ్లు కాచే గిన్నె అడుక్కీ పెచ్చులు కడుతుంది.

కారణం మన కాళ్ల కిందే ఉంది. నేలలోకి ఇంకే వాననీరు దారిలో బొగ్గుపులుసు వాయువును కలుపుకుంటుంది. ఆ కాస్త పులుపుకే సున్నపురాయి కరుగుతుంది. వాడుకలో 'ఉప్పునీళ్లు' అనేస్తాం కానీ, సబ్బు నురగ రాకపోయినా, కందిపప్పు ఓ పట్టాన ఉడక్కపోయినా తప్పు ఉప్పుది కాదు... కాల్షియం, మెగ్నీషియంలది!

ఈ కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, మరో నీటివసతి లేకుంటే 600 దాకా ఫర్వాలేదనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఈ నీళ్లు తాగితే కిడ్నీలో రాళ్లొస్తాయన్న భయానికి బలమైన రుజువు లేదు. గ్యాసూ, సబ్బూ ఖర్చవడం మాత్రం నిజం.

పల్నాడు మీదుగానే సాగర్ కుడి కాలువ పారుతోంది. సాధారణంగా బోరు నీటికన్నా కృష్ణ నీటిలో సున్నం తక్కువ. డాబా మీద పడే వాననీటిలో అయితే దాదాపు ఉండదు. శుభ్రంగా పట్టి, కాచి వాడుకుంటే పప్పు ఇట్టే ఉడుకుతుంది. గిన్నెకు పట్టిన పెచ్చుకు చింతపండు పులుసు ఉండనే ఉంది.

బతుకుతెరువిచ్చిన రాయే వంటింటికీ వచ్చింది. తరిమేయలేం, తెలుసుకుని సర్దుకోవాలంతే!