పెరట్లో బాణలి

వంటింటికీ పెరటికీ మధ్య ఉన్న గడప ఎంత ఎత్తో మీరెప్పుడైనా కొలిచి చూశారా? మా ఇంట్లో అది సరిగ్గా నాలుగంగుళాలు. కోడి దాన్ని దాటి లోపలికొస్తుంది, పొట్టేలు వస్తుంది, చెరువు చేప సరేసరి. పంది మాత్రం రాదు. ఎందుకు రాదని మా అత్తగారిని అడిగితే, "వచ్చేదయితే మా అత్త రానిచ్చి ఉండేది కదమ్మా!" అంటారు. అంతకు మించిన శాస్త్రం మా ఇంట్లో లేదు.

ఇంతకీ ఆ గడప జోలికి నేనెందుకు పోయానంటే, కారణం ఎర్రమంచి.

మా చిన్నప్పుడు ఎర్రమంచి అంటే పెనుకొండ దగ్గర ఒక ఊరు, అంతే. వానొస్తే వేరుసెనగ, రాకపోతే ఆకాశం. 2017లో అక్కడ కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. కారు కంటే ముందే కొరియావాళ్ళొచ్చారు. హైవే పక్కన బోర్డుల మీద తెలుగు, ఇంగ్లీషుల సరసన సున్నాలూ గీతలూ పేర్చినట్టుండే వాళ్ళ లిపి కూడా చేరింది. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగరం రాజధానే లేచి పెనుకొండకు వచ్చింది కదా, మా కొండకు కొత్తవాళ్ళు కొత్త కాదు. వాళ్ళ వంటే కొత్త.

మా అమ్మాయి అక్కడే ఒక చిన్న విడిభాగాల కంపెనీలో లెక్కలు చూస్తుంది. ఒకరోజు సాయంత్రం వస్తూనే, "అమ్మా, ఈరోజు ఒకటి తిన్నానమ్మా! పైన అప్పడంలా కరకర, లోపల వెన్న. మీద ఎర్రగా, తియ్యగా, కారంగా పాకం!" అంది. ఏమిటే అది అంటే గొంతు తగ్గించి, "పోర్క్" అంది. ఇంగ్లీషులో చెబితే నానమ్మకు తెలియదని దాని ధీమా. ఆవిడకు తెలియని ఇంగ్లీషు బ్యాంకు పాసుబుక్కులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఇంట్లో చేద్దామని పట్టు పట్టింది. మావారు పేపరు మడిచి, "ఏం, నీ నవలల్లో దూకిన గోడలు చాలలేదా?" అన్నారు. మాట తగలాల్సిన చోటే తగిలింది. నా కథానాయికలు నూటయాభయ్యో పేజీ వచ్చేసరికి కులం గోడలన్నీ దూకేస్తారు. దూకించేది నేనే. నా గడప మాత్రం నాలుగంగుళాలూ అలాగే ఉంది.

చివరికి అత్తగారు షరతులతో ఒప్పుకున్నారు. పెరట్లో పొయ్యి. అటక మీది పాత ఇనప బాణలి, దానికో వేరే చిల్లుల గరిటె. పని అయ్యాక అవి రెండూ లోపలికి రాకూడదు.

ఆదివారం మావారి స్నేహితుడొకాయన బెంగళూరు నుంచి అరకిలో మాంసం తెచ్చిచ్చారు. దానితోపాటు గోచుజాంగ్ అనే ఎర్ర ముద్ద డబ్బా ఒకటి. మిరప్పొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా, ఉప్పు కలిపి జాడీల్లో నెలల తరబడి ఊరబెడతారట. అత్తగారు మూత తీసి వాసన చూసి, "ఇది మన ఊరుమిండికి వేలు విడిచిన చెల్లెలే" అన్నారు. నిజానికి మిరపకాయ మనదీ కాదు, కొరియాదీ కాదు. సముద్రాలు దాటొచ్చిన చుట్టం. ఆ చుట్టాన్ని మాత్రం ఏ అత్తగారూ పెరట్లో నిలబెట్టలేదు!

సరే, మాంసం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎటునుంచి కోయాలో తెలియదు. అప్పుడే అంట్లు తోమడానికి వచ్చింది ఆమె. పదిహేనేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది. వాళ్ళిళ్ళలో పందుల్ని పెంచుతారు, వండుకుంటారు. ఈ సంగతి మాకు తెలుసు, మాకు తెలుసని ఆమెకు తెలుసు. అయినా పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట మా మధ్యకు రాలేదు.

"అమ్మా, మీరు తింటారా దీన్ని?" అంది.

"కొరియా వంటలే" అన్నాను, సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు.

"ఓ, కొరియావోళ్ళు తింటే తినొచ్చు గావాల!" అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఆ నవ్వు నా గొంతులో సగం దూరమే వచ్చింది.

ఎనిమిదేళ్ళప్పుడు నా పక్కన కూర్చునే పిల్ల వాళ్ళింట్లో, ఆకులో పెట్టిన ఒక ముక్క తిన్నాను. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. మా అవ్వ నన్ను బావి దగ్గర నిలబెట్టి తలమీద నీళ్ళు గుమ్మరించింది. మర్నాడు బడిలో ఆ పిల్లను నేనే, ఎవరూ చెప్పకుండానే, కొంచెం జరిగి కూర్చోమన్నాను. ఆ పిల్ల జరిగింది. ఇన్ని నవలలు రాశాను గానీ ఆ బెంచీ సంగతి ఎక్కడా రాయలేదు.

ఆమె కొంగు బిగించి కత్తిపీట ముందు కూర్చుంది. "అయ్యో, తోలు తీసేసినారే! రుచంతా దాంట్లోనే కదమ్మా ఉండేది" అని ఆ దుకాణాన్ని తిట్టింది. బొటనవేలంత ముక్కలు కోసింది. ఉప్పు, మిరియాల పొడి, అల్లం రసం పట్టించి అరగంట పక్కన పెట్టాం. తర్వాత మొక్కజొన్న పిండిలో దొర్లించి, పిండి తడిసే దాకా కాసేపు ఆగి, కాగిన వేరుసెనగ నూనెలో వేశాం.

ఇక్కడే ఉంది కిటుకు. ఒకసారి వేయిస్తే చాలదు. మొదట మధ్యరకం సెగ మీద, లోపలంతా బాగా ఉడికేలా వేయించి తీసెయ్యాలి. పంది మాంసం పచ్చి లేకుండా ఉడకడం రుచికే కాదు, ఆరోగ్యానికీ ముఖ్యం. పళ్ళెంలో పది నిమిషాలు ఉంచితే లోపలి తడి పైపొరకు చేరి ముక్క మెత్తబడుతుంది. చెడిపోయిందే అని కంగారు పడకండి. సెగ పెంచి రెండోసారి రెండు నిమిషాలు వేస్తే ఆ తడి కాస్తా ఆవిరైపోతుంది. అప్పుడు గరిటెకు తగిలి గలగలమంటాయి.

పాకం సులువు. చెంచా నూనెలో ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి, రెండు చెంచాల గోచుజాంగ్, ఒక చెంచా సోయాసాస్, కొంచెం వెనిగర్, నిమ్మకాయంత హిందూపురం బెల్లం. కొరియావాళ్ళు బెల్లం వెయ్యరు, తేనో పాకమో వేస్తారు. బెల్లమే బాగుందని నా మాట. బుడగలొచ్చాక ముక్కలు వేసి రెండు తిప్పులు తిప్పి దించెయ్యడమే, పైన నువ్వులు చల్లి. ఇంకాసేపుంచితే కరకర అంతా పోతుంది.

అమ్మాయి పెరట్లోనే నాలుగు పళ్ళేలు పరిచింది. నాలుగో పళ్ళెం ఎవరిదో ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం, "నేను ఇంటికి తీసకపోతా, పిల్లోళ్ళు తింటారు" అంది.

గిన్నె కోసం లోపలికి వెళ్ళాను. అలమార కింది అరలో, ఒక పక్కగా, ఆమెకు కాఫీ పోసే గ్లాసూ టిఫిన్ పెట్టే గిన్నే ఉన్నాయి. పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నాయి. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో గుర్తులేదు, నేనే అయి ఉంటాను. చెయ్యి అలవాటుగా కిందికే పోయింది. అక్కడే కాసేపు వంగి నిలబడ్డాను. తర్వాత పై అరలోంచి మేం తినే మూతగిన్నె తీశాను. దానికి ఇంత ఆలోచన పట్టిందే అని సిగ్గేసింది.

ఆమె ఆ గిన్నెను అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ అనలేదు.

అప్పుడు అత్తగారు గుమ్మంలోంచి, కాస్త ఉదారంగానే, "ఆ బాణలి కూడా ఆమెకే ఇచ్చెయ్యమ్మా. మళ్ళీ మనకెందుకు?" అన్నారు.

"నాకేం జేసుకునేకమ్మా?" అంది ఆమె, గిన్నె మూత నొక్కుతూ. "మా ఇంట్లో మంచి బాండ్లి ఉంది."

అత్తగారు నోరు మెదపలేదు. మావారు పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

గిన్నె మర్నాడే తళతళా తోమి తిరిగొచ్చింది. ఊరికే కాదు, దాన్నిండా వాళ్ళ పద్ధతిలో, తోలుతో సహా వండిన కూరతో. నేనూ అమ్మాయీ పెరటి మెట్టు మీద కూర్చుని తిన్నాం. కొరియావాళ్ళ దానికంటే బాగుందంది అమ్మాయి. బాణలి ఇంకా పెరటి గోడకే వేలాడుతోంది. మొన్న వానకు కొంచెం తుప్పు పట్టింది. నిన్న చూస్తే ఎవరో దానికి నూనె రాసి పెట్టారు. నేను రాయలేదు, అమ్మాయి రాయలేదు.