ఫిల్టరు దాటాక కాపలా లేదు

డాలస్ తెలుగువాళ్ళ మీద రాసుకురమ్మని ఎడిటరుగారు పంపారు. గుడి చూశాను, వారాంతపు తెలుగు బడి చూశాను. వాటి గురించి మరోసారి రాస్తాను. ఫ్రిస్కోలో మా చిన్నాన్నగారబ్బాయి ఇంటి పక్క గ్యారేజీలో చూసింది ముందు చెప్పాలి.

ఆ గ్యారేజీ మెషిన్ షాపులో పనిచేసి రిటైరైన ఒక అమెరికన్ పెద్దాయనది. మా తమ్ముడి కొడుక్కి పదహారేళ్ళు. వాడు తన పాత షెవీ సిల్వరాడో పికప్పుకి, ఇంజనులోకి గాలి తీసుకెళ్ళే గొట్టాన్ని ఆయన దగ్గరే సొంతంగా తయారుచేసుకుంటున్నాడు.

నేను వెళ్ళేసరికి పెద్దాయన నాలుగంగుళాల అల్యూమినియం గొట్టాన్ని వైసులో బిగించి, కోసిన అంచుని లోపలివైపు ఆకురాయితో రాస్తున్నాడు. రెండు రాపిళ్ళు రాయడం, ఆపడం, చూపుడువేలు లోపల పెట్టి చుట్టూ తిప్పడం, మళ్ళీ రెండు రాపిళ్ళు. నా కంటికి ఆ అంచు ఎప్పుడో నునుపైపోయింది. ఆయన వేలు ఇంకా ఒప్పుకోలేదు. కుర్రాడు ఉండబట్టలేక "చాలు సర్" అన్నాడు. ఆయన మాట్లాడకుండా టార్చి వేసి చూపించాడు. అంచుకి వెంట్రుకంత లోహపు పొర వేలాడుతోంది. బయటి దుమ్మును ఫిల్టరు ఆపుతుంది. ఈ గొట్టం ఫిల్టరుకీ ఇంజనుకీ మధ్య ఉండేది. ఇందులో ఊడిన రజను నేరుగా సిలిండర్లోకి పోయి గోడల్ని గీరేస్తుంది, ఆపే దిక్కు లేదు. అందుకే గొట్టాన్ని సబ్బునీళ్ళతో కడిగించి, తెల్లగుడ్డ దూర్చి లాగించాడు. గుడ్డ మీద బూడిదరంగు చార పడినప్పుడల్లా మళ్ళీ కడిగించాడు. అంత శ్రద్ధగా పనిచేసే చేతుల్ని చూసి ఎంతకాలమైందో!

కుర్రాడు మొదట పీవీసీ గొట్టాలూ ఎల్బోలూ కొనుక్కొచ్చాడట. చవక, అమర్చడం తేలిక, చాలామంది చేసేదీ అదే. పెద్దాయన వద్దన్నాడు. మామూలు పీవీసీ గొట్టం 60 డిగ్రీల వేడికి మించి వాడకూడదు. టెక్సస్ ఎండలో సిగ్నల్ దగ్గర ఆగిన బండి బానెట్ కింద ఆ హద్దు దాటడం ఎంతసేపు? మెత్తబడిన గొట్టం క్లిప్పు బిగింపుకి నలిగి లీకవుతుంది.

అసలు కథంతా వేడిదే. ఈ బండి 5.3 లీటర్ల ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే ఆ నిమిషంలో సుమారు 13,000 లీటర్ల గాలి మింగుతుంది. 20 డిగ్రీల గాలికన్నా 60 డిగ్రీల గాలి దాదాపు 12 శాతం పలచన. ఆక్సిజన్ తగ్గితే ఆ మేరకే పెట్రోలు మండుతుంది. ఏ అడ్డూ లేకుండా ఫిల్టరుని ఇంజను పక్కనే నిలబెడితే అది పీల్చేది వేడిగాలే. చప్పుడు గట్టిగా వస్తుంది, కొన్నవాడు దాన్నే బలమనుకుంటాడు. వందల డాలర్లు పోసి కొనే కిట్లలోనూ అలాంటివున్నాయని పెద్దాయన కోపం. ఆ కోపం నాకూ అంటుకుంది. కుర్రాడి చేత ఆయన రేకుతో ఫిల్టరు చుట్టూ పెట్టె కట్టించాడు. పెట్టె పైఅంచుకి రబ్బరు పట్టీ వేయించాడు, బానెట్ మూస్తే దానికి ఆనుకునేలా. కంపెనీవాళ్ళు ఫెండర్‌లో వదిలిన కన్నం నుంచే చల్లగాలి వస్తుంది.

పక్కింట్లో మా తమ్ముడు ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు: "శనివారం వస్తే చాలు, ఆ తుప్పుబండి దగ్గరే. కోడింగ్ క్లాసు మానేశాడు. మెకానిక్కవుతాడో ఏమో!" మా తమ్ముడు మెకానికల్‌లో బీటెక్ చేశాడు. ఉద్యోగమంతా సాఫ్ట్‌వేర్‌లోనే.

ఆ మాట ఒక్క ఇంటిది కాదు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటి సంవత్సరం వర్క్‌షాపు ఉంటుంది. ఇనుప ముక్కని ఆకురాయితో రాసి, మూలమట్టం పెట్టి వెలుతురుకెత్తి చూసి, సందు కనబడకుండా రెండు ముక్కల్ని కుదర్చాలి. వేలికి లోహం తెలిసేది అక్కడే. ఆ గంటని రికార్డు నింపే గంటగా మార్చేశాం. సీనియర్ చేసిన ముక్క తెచ్చి చూపించినా మార్కులు పడతాయి. విజయవాడ ఆటోనగర్‌లో చెవి ఒగ్గి ఇంజను జబ్బు చెప్పగల మేస్త్రీని ఏ కాలేజీ పిలిచి ఓ పూట పాఠం చెప్పించుకుంటోంది? దసరాకి బండికి కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కిస్తాం. పిల్లాడు బానెట్ ఎత్తి లోపల చూస్తానంటే మాత్రం దారి తప్పాడంటాం. మనకి లక్షల మంది ఇంజనీర్లున్నారు. అంచు మీద వేలు పెట్టి అది తెగుతుందో లేదో చెప్పగలిగేవాళ్ళు ఎందరు?

సాయంత్రం బండి తిప్పుకొచ్చారు. 1996 మోడళ్ళ నుంచి అమెరికాలో కార్లకీ ఇలాంటి బండ్లకీ తప్పనిసరైన, ఇంజను కంప్యూటరు అంకెలు చెప్పే ఓబీడీ సాకెట్లో చిన్న రీడరు పెట్టి, పాత గొట్టంతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి అంకెలు నోటుబుక్కులో రాసుకున్నాడు కుర్రాడు. మా తమ్ముడు గ్యారేజీలోకొచ్చి ఎంత పవర్ పెరిగిందని అడిగాడు.

"పవర్ కొలిచే డైనో మీద పెట్టి చూడలేదు నాన్నా, తెలీదు. పరుగులో లోపలికెళ్ళే గాలి బయటకన్నా నాలుగు డిగ్రీలే వేడి. ట్రిమ్ కూడా మారలేదు."

"ట్రిమ్ అంటే?"

వాడు గొట్టంలో గాలిని తూచే సెన్సరుని చూపించాడు. అది చెప్పిన లెక్కకే కంప్యూటరు పెట్రోలు పోస్తుంది, పొగగొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సరు ఆ లెక్క సరిచూస్తుంది. సెన్సరు దాటాక ఎక్కడైనా గాలి దూరితే అది లెక్కలోకి రాదు. అప్పుడు కంప్యూటరు పెట్రోలు పెంచి సర్దాల్సి వస్తుంది, ఆ సర్దుబాటే ట్రిమ్. అది పెరగలేదంటే వాడు బిగించిన క్లిప్పుల్లో ఏదీ లీకవడం లేదు.