పరుగునకు విరామ మెప్పుడు?

పరుగు పందెములలో పాల్గొనువానికి ప్రతిదినాభ్యాసము ప్రాణము వంటిది. వేకువనే లేచి మైదానమునకు పోవుట కలవాటు పడినవానికి ఒక్కదినము మానుటయు అపరాధముగా తోచును. కాని దేహము అస్వస్థమైనపుడు పరుగెత్తుట పట్టుదల యగునా, అవివేక మగునా? ఈ ప్రశ్న ప్రతి క్రీడాకారునికిని ఏదో యొకనాడు ఎదురగును.

1968వ సంవత్సరమున మెక్సికో నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. 1500 మీటర్ల పందెమున అందరి చూపులును ఇద్దరిపైననే నిలిచినవి. ఒకడు అమెరికా దేశీయుడగు జిమ్ రయన్. అంతకు ముందటి యేడు ఆ దూరమును 3 నిమిషముల 33.1 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పినవాడు. రెండవవాడు కెన్యా దేశీయుడగు కిప్ కెయినో.

ఆ యేడు ఇరువురిని వ్యాధులు పీడించెను. రయన్‌కు మోనోన్యూక్లియోసిస్ అను అంటువ్యాధి సోకెను. అది మనుజుని వారముల తరబడి నీరసింపజేయును. అతడు అభ్యాసము నాపి, కోలుకొనిన పిమ్మటనే తిరిగి పరుగునకు దిగెను. కెయినోకు పిత్తాశయ వ్యాధి కలదు. పరుగెత్తవలదని వైద్యులు చెప్పిరి. అతడు వినలేదు. 10,000 మీటర్ల పందెపు చివరి చుట్లలో కడుపునొప్పి భరింపలేక కూలబడెను. ఐనను తరువాత 1500 మీటర్ల పందెమును 3 నిమిషముల 34.9 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము గెలిచెను. రయన్‌కు రజతపతకము లభించెను.

ఇది విన్నవారికి, వైద్యుని మాట త్రోసిపుచ్చినవాడే గెలిచెను గదా యని తోచుట సహజము. కాని తరచి చూడవలెను. మెక్సికో నగరము సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. కెయినో ఎత్తైన సీమలో పుట్టి పెరిగినవాడు. పలుచని గాలి అతనికి క్రొత్త కాదు. కెయినోను గెలిపించినది అతని సామర్థ్యమే కాని వ్యాధిని లెక్కచేయకపోవుట కాదు. అతడు అపాయమును దాటెను. అపాయమే లేదని దాని కర్థము కాదు. రోగముతో పరుగెత్తి గెలిచినవాని పేరు లోకమున నిలుచును. అట్లే పరుగెత్తి మంచము పట్టినవారి నెవ్వరును తలపరు.

జ్వరమున దేహము వేడెక్కును. గుండె వేగముగా కొట్టుకొనును. పరుగు ఆ రెండింటిని మరింత పెంచును. చెమట వలన దేహమునందలి నీరు తరిగిపోవును. అంతకంటె ముఖ్యమైన విషయము మరొకటి కలదు. కొన్ని వైరసుల వలన గుండె కండరము వాచును. అట్టి సమయమున తీవ్రముగా శ్రమించినచో గుండె లయ తప్పి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును.

ఎప్పుడు ఆగవలెనో తెలిసికొనుటకు క్రీడాకారులు పాటించు కొండగుర్తు ఒకటి కలదు. బాధ మెడకు పైన మాత్రమే యున్నచో, అనగా తుమ్ములు, ముక్కు కారుట, గొంతు గరగర వంటివైనచో, నెమ్మదిగా కొంతదూరము పరుగెత్తి చూడవచ్చును. బాధ హెచ్చినచో వెంటనే ఆగవలెను. బాధ మెడకు క్రిందికి దిగినచో, అనగా రొమ్ము పట్టివేయుట, ఒళ్ళునొప్పులు, వాంతులు, విరేచనములు కలిగినచో, పూర్తిగా విశ్రమింపవలెను. జ్వరమున్నచో ఇక ఆలోచింప పనిలేదు. ప్రతి ఉదయము మంచము దిగకముందే నాడిని లెక్కించుట మంచి యలవాటు. అది నిత్యముకంటె మిక్కిలి హెచ్చుగా నున్నచో దేహము హెచ్చరించుచున్నదని గ్రహింపవలెను. జ్వరము తగ్గిన పిమ్మట తొలుత నడక, తరువాత మెల్లని పరుగు, ఆపైననే పందెపు వేగము.

రేపు జిల్లా పోటీలనగా నేడు జ్వరము వచ్చిన విద్యార్థి పరిస్థితి కష్టమైనదే. జట్టు అతనిపై ఆశ పెట్టుకొనియుండును. ఐనను జ్వరమును దాచక వ్యాయామోపాధ్యాయునితో చెప్పుటయే ధైర్యము. కొలది దినముల విశ్రాంతితో నెలల అభ్యాసము వ్యర్థము కాదు. పోటీలు మరుసటి యేడును వచ్చును.

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్ళు త్రాగుట మేలని పెద్దలందురు. పరుగు నభ్యసించు బాలబాలికలు ఈ మాటను ప్రతిదినము పాటింప నక్కరలేదు. జ్వరము వచ్చిననాడు పాటించిన చాలును.