గాలికి దారి: కోయంబత్తూరులో ఒక ఆదివారం

కోయంబత్తూరు అనగానే మనవాళ్లలో చాలామందికి నూలు మిల్లులు, పంపుసెట్లు, శిరువాణి నీళ్ల తియ్యదనం గుర్తుకొస్తాయి. ఆ ఊరికి ఇంకొక సొత్తు కూడా ఉంది. అది గాలి. పడమటి కనుమల్లో పాలక్కాడు దగ్గర 24 నుంచి 30 కిలోమీటర్ల వెడల్పున ఒక సందు ఉంది. నైరుతి రుతుపవనాల రోజుల్లో గాలి ఆ సందులోంచి దూసుకొచ్చి కొంగునాడు మీద పడుతుంది. కొండ అడ్డున్నచోట ఆగిన గాలే దారి దొరికినచోట పరుగెడుతుంది. ఈ చిన్న సంగతి మా అక్కయ్య కొడుక్కి ఎలా పనికొచ్చిందో చెబుతాను.

ఆ ఊళ్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు మోటారుతో పాత చుట్టరికం. జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచి, పళని మధ్య బస్సు నడిపారు. నూలు మిల్లుల కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ 1980లలో మారుతి 800 ఇంజను పెట్టి, తక్కువ ఖర్చులో ‘ఫార్ములా మారుతి’ పందెపు కార్లు తయారుచేశారు. 1995లో ఆయన విమాన ప్రమాదంలో పోయారు. ఊరికి దక్షిణాన చెట్టిపాళయం దగ్గర ఉన్న కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్ పందెంలో దిగిన మొదటి భారతీయుడు నరైన్ కార్తికేయన్‌దీ ఈ ఊరే. ఇలాంటి ఊళ్లో పెరిగిన కుర్రవాళ్లకు కార్ల పిచ్చి పట్టడంలో వింత లేదు.

మా అక్కయ్య కొడుకు ఫౌండ్రీలో ఇంజనీరు. టర్బో ఇంజను ఉన్న చిన్న కారు ఒకటి కొని, సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి ఆ ట్రాకు మీద నడుపుతుంటాడు. ఒకసారి ఆరో చుట్టులో, తిన్నని దారి చివర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. కారు మలుపు దాటి మట్టిలోకి పోయి ఆగింది. దెబ్బ తగల్లేదు గాని, సంగతి తెలిసిన అక్కయ్య కారు తాళం బీరువాలో పెట్టేసింది. వాడు కారును బాగుచేసుకున్నానన్నా ఆమె నమ్మలేదు. ముప్ఫై ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పిన నన్ను బెంగళూరు నుంచి పిలిపించింది. “నువ్వు చూసి చెప్పవే. పంపవచ్చంటే పంపుతాను, వద్దంటే ఆ కారు అమ్మేస్తాను” అంది. ఆ మాట విన్నాక నాకు కాఫీ కూడా రుచించలేదు.

బ్రేకు వేగాన్ని మాయం చెయ్యదు, వేడిగా మారుస్తుంది. 1200 కిలోల కారు గంటకు 144 కిలోమీటర్ల వేగం నుంచి 72కి తగ్గితే పుట్టే వేడి దాదాపు రెండున్నర లీటర్ల కుళాయి నీళ్లను మరిగించగలదు. అదీ కొద్ది సెకన్లలో! కారు బరువంతా ముందుకు ఒరుగుతుంది కనుక ఆ వేడిలో ఎక్కువ భాగం ముందు చక్రాల డిస్కులకే చేరుతుంది. చెట్టిపాళయం ట్రాకు చిన్నది, మలుపులు ఎక్కువ. ఒక మలుపు వేడి చల్లారేలోగా ఇంకొక మలుపు వస్తుంది.

వేడి మితిమీరితే రెండు ప్రమాదాలు. ప్యాడ్లు పట్టు కోల్పోతే పెడల్ గట్టిగానే ఉంటుంది గాని కారు ఆగదు. బ్రేక్ ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి పుడుతుంది. ఆవిరిని నొక్కితే అణిగిపోతుంది కనుక పెడల్ కిందికి దిగిపోతుంది. వాడికి జరిగింది ఈ రెండోదే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక 155 డిగ్రీలకే మరగవచ్చు. వాడి కారులో ఉన్నది పాత ఆయిల్.

ఆయిల్, ప్యాడ్లు మార్చాక వాడు వేడి సంగతి చూశాడు. బంపర్‌లో ఫాగ్ లైటు ఉండే చోట తెరిచి, అక్కణ్ణుంచి వేడికి తట్టుకునే 3 అంగుళాల గొట్టాన్ని ఒక్కొక్క ముందు చక్రం దాకా తీసుకెళ్లాడు. డిస్కు వెనక ఉండే రేకును కత్తిరించి, గాలి సరిగ్గా డిస్కు నడిబొడ్డులో పడేలా మూతి అమర్చాడు.

“డిస్కు ముఖం మీదే ఊదితే పోదా?” అన్నాను.

“పొయ్యి ఊదేటప్పుడు అవ్వ మంట మీద ఊదేదా పిన్నీ? మొదట్లో కదా ఊదేది!” అన్నాడు.

జవాబు సరైనదే. ఆ డిస్కు రెండు పలకలు కలిపినట్టుంటుంది, మధ్యలో రెక్కలుంటాయి. తిరిగేటప్పుడు అది నడుమ నుంచి గాలిని లాక్కుని అంచుల్లోంచి బయటికి విసురుతుంది. గాలిని నడుముకు అందిస్తే రెండు పలకలూ సమంగా చల్లారుతాయి. ఒక వైపే ఊదితే ఆ వైపు చల్లగా, రెండో వైపు వేడిగా ఉండి, డిస్కు వంగవచ్చు, పగుళ్లివ్వవచ్చు. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పించి, గొట్టం టైరుకు రాసుకోలేదని నేనే చూశాను. ఊరి రోడ్ల మీద దుమ్ము, వాన నీళ్లు పోకుండా మూతలు కూడా చేయించాడు.

ఆదివారం ముగ్గురం చెట్టిపాళయం వెళ్లాం. డిస్కు అంచున వేడిని బట్టి రంగు మారే మూడు గీతలు పూశాడు. వెనకటిసారి మూడూ మారిపోయాయట. ఐదు చుట్లు గట్టిగా నడిపి, ఆరోది బ్రేకు దాదాపు ముట్టకుండా నెమ్మదిగా తిరిగి వచ్చాడు. కారు ఆపి హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు, చక్రం కింద చెక్క పెట్టాడు. కాలుతున్న డిస్కును ప్యాడ్లు ఒకేచోట పట్టుకుంటే రెండూ పాడవుతాయట. నేను వంగితే, “చెయ్యి పెట్టకు పిన్నీ!” అని కేకేశాడు. ఒక్క గీతే మారింది. పెడల్ తొక్కి చూశాను, మొదట్లో ఉన్నంత ఎత్తులోనే గట్టిగా ఉంది.

“పంపవచ్చు అక్కయ్యా. చుట్లు ఐదు దాటకూడదు, ఆయిల్ పాతబడకూడదు” అన్నాను. ఆమె తాళం వాడికిచ్చేసింది. ఆయిల్ మార్చిన తేదీ మాత్రం వంటింటి క్యాలెండర్ మీద తన కళ్లెదుట రాయాలని షరతు పెట్టింది.

మీరు కోయంబత్తూరు వెళితే ఊటీకో, ఆళియార్ నుంచి 40 హెయిర్‌పిన్ మలుపులు ఎక్కి వాల్పారైకో పోకుండా ఉండరు. మన ఇంటి కార్లకు ఈ గొట్టాలు అక్కర్లేదు. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజను చేతనే వేగం పట్టించండి. బ్రేకు మీద కాలు అదేపనిగా ఆనించకండి. రెండేళ్లకొకసారి బ్రేక్ ఆయిల్ మార్పించండి. మాడు వాసన వస్తే చోటు చూసుకుని ఆపండి, నీళ్లు మాత్రం పొయ్యకండి. పిల్లలకు కొండలు చూపిస్తూ అరగంట కూర్చోండి. అక్కడ గాలికి కొదవ లేదు.